వాలెట్టా నగరము – మాల్టా ప్రజల భాష



మన తరగతి గోడకు వ్రేలాడుచున్న ప్రపంచపటములో మధ్యధరా సముద్రమును చూడుడు. ఉత్తరమున ఐరోపా, దక్షిణమున ఆఫ్రికా, తూర్పున ఆసియా దానిని చుట్టియున్నవి. ఇటలీ దేశము బూటు ఆకారమున ఆ సముద్రములోనికి చొచ్చుకొనిపోయినది. ఆ బూటు కొనకు ఎదురుగా సిసిలీ ద్వీపమున్నది. సిసిలీకి దక్షిణముగా సుమారు 90 కిలోమీటర్ల దూరమున ఒక చుక్క కనబడును. ఆ చుక్కలో పేరు పట్టదు గనుక, పటము వ్రాసినవారు దాని పేరును నీటిమీద వ్రాసిరి. అదియే మాల్టా దేశము. మాల్టా, గోజో, కొమినో మొదలగు ద్వీపములన్నియు కలిసి 316 చదరపు కిలోమీటర్లు మాత్రమే. జనసంఖ్య ఐదు లక్షలకు మించినది. దాని రాజధాని వాలెట్టా.

నేను పొరుగున నున్న ఆంధ్రప్రదేశములో ఉపాధ్యాయ శిక్షణ పొందుచున్న దినములలో మా చరిత్ర బోధకులు ఒక మాట చెప్పెడివారు: “ఏ పాతనగరమును చూచినను మూడు ప్రశ్నలు వేసికొనుడు. దీనిని ఎవరు కట్టించిరి? ఎవరు కట్టిరి? కట్టినవారు సాయంకాలము ఇంటికి పోయి ఏ భాషలో మాటలాడుకొనిరి?” మొదటి ప్రశ్నకు సమాధానము శాసనములపై నుండును. రెండవదానికి గ్రంథములు వెదుకవలెను. మూడవ ప్రశ్నను అడుగువారే అరుదు. ఈ మూడు ప్రశ్నలను చేత పట్టుకొని నేడు మనము వాలెట్టా నగరమున మానసయాత్ర చేయుదము.

ఎవరు కట్టించిరి?

జెరూసలేమునకు పోవు క్రైస్తవ యాత్రికులలో రోగులైనవారికి సేవ చేయుటకై 11వ శతాబ్దమున ఒక సంఘము ఏర్పడెను. అదియే సెయింట్ జాన్ సంఘము. ఐరోపాలోని గొప్ప కుటుంబముల యువకులు సన్న్యాసుల వలె వ్రతము పూని అందులో చేరుచుండిరి. రోగిసేవకై పుట్టిన ఆ సంఘము కాలక్రమమున ఖడ్గమును కూడ పట్టినది. ఆ యోధులకు నైట్లు అని పేరు. 1522వ సంవత్సరపు యుద్ధములో తుర్కులకు ఓడి, వారు రోడ్స్ ద్వీపమును విడువవలసి వచ్చెను. కొన్నియేండ్లు నిలువ నీడ లేక తిరిగిన పిమ్మట, 1530లో చక్రవర్తి ఐదవ చార్లెస్ వారికి మాల్టా ద్వీపముల నిచ్చి, ఏటేట ఒక డేగను కప్పముగా చెల్లింపుమనెను. ఆ ద్వీపములలో తరతరములుగా నివసించుచున్న ప్రజల సమ్మతిని మాత్రము ఎవరును అడుగలేదు.

1565 మే 18వ తేదీన ఒట్టోమన్ సుల్తాను సులేమాను పంపిన గొప్ప నౌకాదళము మాల్టా తీరమున కనబడెను. ఓడరేవు ముఖద్వారమున, షెబెరాస్ అను రాతికొండ కొనయందు సెయింట్ ఎల్మో అను చిన్నకోట యుండెను. అది సుమారు నెలదినములు ఎదిరించి నిలిచి, జూన్ 23న పడిపోయెను. తక్కిన కోటలు మాత్రము లొంగలేదు. సిసిలీ నుండి సహాయసైన్యము రాగా సెప్టెంబరు 8 నాటికి ముట్టడి ముగిసెను. ఆ యుద్ధములో నైట్లు సుమారు 500 మంది. వారి ప్రక్కన నిలిచి పోరాడినవారు, కూలిన గోడలకు రాళ్లు మోసినవారు, గాయపడినవారికి నీరందించినవారు వేలకొలది మాల్టా స్త్రీపురుషులు.

మఱల దాడి జరిగినచో తట్టుకొనవలెననిన, ఆ రాతికొండమీద ఒక నగరమే కోటగా వెలయవలెనని సంఘాధిపతి జాఁ ద వాలెట్ నిశ్చయించెను. 1566 మార్చి 28న శంకుస్థాపన జరిగెను. అప్పటికి ఆయన డెబ్బదియేండ్లు దాటిన వృద్ధుడు. నగరము పూర్తికాకముందే, 1568లో కన్నుమూసెను. ఆయన పేరే నగరమునకు నిలిచినది. “మిక్కిలి వినయముగల నగరము” అని లాటినులో దానికి ఒక బిరుదు కలదు. సముద్రమునుండి నిట్టనిలువుగా లేచిన దాని కోటగోడలను చూచినవారికి ఆ బిరుదు చిరునవ్వు తెప్పించును.

ఎవరు కట్టిరి?

పోపు పంపగా వచ్చిన ఫ్రాంచెస్కో లపరెల్లి అను ఇటాలియను నిర్మాణవేత్త నగరమునకు నకలు గీసెను. చదరంగపు బల్లమీది గీతలవలె వీధులన్నియు తిన్ననివి. ఒకదాని నొకటి అడ్డముగా ఖండించును. ఏ వీధి మొదట నిలిచినను కొనయందు సముద్రము కనబడును; సముద్రపు గాలి వీధి పొడవున వీచును. కొండను చదును చేయవలెనని మొదట తలంచిరి గాని, శత్రువు తిరిగివచ్చునను భయముచే త్వరపడి, ఆ పనిని సగములో విడిచిరి. అందుచేతనే నేటికిని అచ్చటి అడ్డవీధులు అనేకములు మెట్లదారులై యున్నవి.

లపరెల్లి కొలదికాలమునకే వెడలిపోయెను. పిమ్మట నగరమునకు రూపమిచ్చినవాడు గిరొలామో కస్సార్ అను మాల్టా దేశీయుడు. సంఘపు ప్రధాన దేవాలయము, అధిపతి భవనము, నైట్ల వసతిగృహములు అతడు రూపొందించినవే. కట్టడమునకు వలయు రాయి ఆ నేలయందే దొరకెను. తేనెరంగు గల ఆ సున్నపురాయి గనినుండి తీసినప్పుడు ఱంపముతో కోయదగినంత మెత్తనిది. గాలి తగిలినకొలది గట్టిపడును. ఆ రాతిని కోసినవారు, మోసినవారు, పేర్చినవారు మాల్టా ప్రజలు. వారితోపాటు యుద్ధములలోను సముద్రముమీదను పట్టుబడిన బానిసలును ఆ పనిలో చెమటోడ్చిరి. సుందరమైన కట్టడమును చూచి ఆనందించునప్పుడు ఆ మాటను కూడ మఱువరాదు. మాల్టాలో బానిసత్వము 1798లో గాని రద్దు కాలేదు.

మాల్టాలో నదులు లేవు. ఆ నగరము నిలుచుట వాననీటిమీదనే ఆధారపడియుండెను. అందుచేత ప్రతి యింటి క్రిందను రాతిని తొలిచి ఒక నీటితొట్టి కట్టవలెనని నియమము చేసిరి. జనము పెరుగగా అదియు చాలలేదు. 1610 మొదలు 1615 వఱకు, విన్యాకూర్ అను సంఘాధిపతి కాలమున, సుమారు 16 కిలోమీటర్ల పొడవున కాలువ కట్టి దూరపు ఊటల నీటిని నగరమునకు తెచ్చిరి. వానకై యెదురుచూచు సీమలో పుట్టిన మనకు ఆ నియమము విలువ వేఱుగా చెప్పనక్కఱలేదు.

నగరములో నడక

ఇక నగరద్వారమునకు పోదము. ద్వారము ముందు కొండమెడను అడ్డముగా నఱికి చేసిన లోతైన పొడి కందకము కలదు. దానిమీది వంతెనను దాటి లోపలికి పోగానే ఒక క్రొత్త కట్టడము కనబడును. అది 2015లో ప్రారంభమైన శాసనసభ. దానిని రూపొందించినవాడు రెంజో పియానో అను ఇటాలియను నిర్మాణవేత్త. దాని ప్రక్కన విఱిగిన స్తంభములు నిలిచియున్నవి. అవి 1866లో ప్రారంభమైన నాటకశాలయొక్క శిథిలములు. రెండవ ప్రపంచయుద్ధములో, 1942 ఏప్రిల్ 7న, శత్రువిమానములు దానిని కూల్చెను. ఆ దినములలో ప్రజలు రాతి నేలలో తొలిచిన సొరంగములలో తలదాచుకొనిరి. అదే నెల 15వ తేదీన బ్రిటిషు రాజు దేశప్రజలందఱి ధైర్యమునకు గుర్తుగా మాల్టాకు జార్జి క్రాసు పతకమునిచ్చెను. నేటికిని ఆ దేశ పతాకముపై దాని గుర్తు కలదు.

ఇచ్చటినుండి సెయింట్ ఎల్మో కోట వఱకు తిన్నగా పోవు రాజవీధి సుమారు ఒక కిలోమీటరు పొడవు. ఈ వీధి పేరు గూర్చి శ్రద్ధగా వినుడు. నైట్ల కాలమున దీనికి ఇటాలియనులో సెయింట్ జార్జి వీధి అని పేరు. 1798లో నెపోలియను మాల్టాను పట్టుకొనగా అది ఫ్రెంచిలో జాతీయ వీధి ఆయెను. 1800లో ఫ్రెంచివారు పోయి బ్రిటిషువారు వచ్చిన పిమ్మట మఱల ఇటాలియనులో రాజవీధి ఆయెను. 1936లో ఆంగ్లమున కింగ్స్‌వే అనిరి. 1964 సెప్టెంబరు 21న మాల్టా స్వతంత్రమై, 1974 డిసెంబరు 13న గణతంత్రమైన తరువాత, గణతంత్ర వీధి అని మాల్టీసులో పేరు పెట్టిరి. వీధి ఒక్కటే, రాళ్లును అవియే. పలక మాత్రము నాలుగుమాఱులు మాఱినది. ఆ వీధిలో నాలుగు వందల యేండ్లకు పైగా నడచిన జనుల నోటిభాష పలక నెక్కుటకు అంతకాలము పట్టినది.

వీధికి కుడివైపున సెయింట్ జాన్ దేవాలయమున్నది. 1572లో మొదలుపెట్టి 1577లో పూర్తిచేసిరి. బయటనుండి చూచినచో అది కోట వలె నిరాడంబరము. లోపల అడుగుపెట్టినచో కన్నులు చెదరును. మత్తియా ప్రేతి అను చిత్రకారుడు 1661 మొదలు 1666 వఱకు శ్రమించి దాని కప్పునంతటిని చిత్రములతో నింపెను. నేలయంతయు రంగురంగుల పాలరాతి సమాధిఫలకములు. అవి సుమారు 400. ప్రక్క మందిరమున కారవాజ్యో అను ప్రసిద్ధ చిత్రకారుడు 1608లో వ్రాసిన మహాచిత్రము కలదు. స్నానికుడైన యోహాను శిరశ్ఛేదమును అందు చిత్రించెను. అతని చిత్రములలో అన్నిటికంటె పెద్దది అదియే. అతడు సంతకము చేసిన చిత్రమును అదొక్కటియే. ఆ సంతకము చిత్రములోని రక్తపు మడుగునందు వ్రాయబడియున్నది. ఆ సంవత్సరమే అతడు కలహములో చిక్కి, బందీయై, తప్పించుకొని పాఱిపోగా, ఆ చిత్రము ఎదుటనే సభ తీర్చి అతనిని సంఘమునుండి వెలివేసిరి.

నగరము చివర సముద్రపుటొడ్డున 1574లో మొదలైన వైద్యశాల కలదు. దాని ప్రధానశాల పొడవు సుమారు 155 మీటర్లు. రోగులే తమ ప్రభువులని ఆ సంఘపు నియమము. అందుచే వారికి వెండిపాత్రలలో ఆహారము పెట్టెడివారు. ఈ విధముగా 55 హెక్టార్ల నేలలో 320 చారిత్రక కట్టడములున్న యీ నగరమును 1980లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదలలో చేర్చినది. నేడు ఆ గోడల నడుమ నివసించువారు సుమారు ఐదువేలమంది మాత్రమే. తక్కినవారు పగలు పనికి వచ్చి, సాయంకాలము చుట్టుప్రక్కల ఊళ్లకు పోవుదురు.

ఏ భాషలో మాటలాడుకొనిరి?

ఇప్పుడు మూడవ ప్రశ్నకు వచ్చితిమి. నైట్ల సంఘము ఎనిమిది శాఖలుగా ఉండెడిది. ఒక్కొక్క శాఖకు ఫ్రెంచిలో ‘లాంగ్’ అని పేరు. అనగా నాలుక, లేక భాష. ప్రొవాన్సు, ఒవెర్ను, ఫ్రాన్సు, ఇటలీ, అరగాను, ఇంగ్లాండు, జర్మనీ, కాస్టీలు అనునవి ఆ యెనిమిది. ఇంగ్లాండు శాఖ నగరము కట్టుటకు ముందే క్షీణించెను. తక్కిన యేడు శాఖలకును వాలెట్టాలో వేఱువేఱు వసతిగృహములు లేచినవి. కాస్టీలు వారి గృహము నేడు ప్రధానమంత్రి కార్యాలయము. ఇన్ని భాషలకు ఇన్ని భవనములు కట్టిన ఆ నగరములో, ఆ భవనములు కట్టిన కూలివాని భాషకు ఒక్క గదియైనను లేదు. న్యాయస్థానములో ఇటాలియను, సమాధిఫలకములపై లాటిను. మాల్టీసు మాత్రము వంటయింటను, సంతలోను, పడవలమీదను ఉండెను.

ఆ మాల్టీసు ఎట్టి భాష? 870లో అరబ్బులు ఆ ద్వీపములను జయించిరి. సిసిలీలో నాడు వాడుకలోనున్న అరబ్బీనుండి మాల్టీసు పుట్టినది. పిమ్మట సిసిలియను, ఇటాలియను, ఆంగ్ల పదములు అందులో కలిసినవి. క్రైస్తవులైనను మాల్టావారు దేవుని ‘అల్లా’ అనియే పిలుతురు. నీటిని ‘ఇల్మా’ అందురు. ఇవి అరబ్బీ మూలమునుండి వచ్చినవి. కృతజ్ఞత తెలుపుటకు ‘గ్రాట్సి’ అందురు. ఇది ఇటాలియనునుండి వచ్చినది. ఉదయమున కలిసినప్పుడు ‘బోంజు’ అందురు. ఇది ఫ్రెంచినుండి వచ్చినది. తమ రాజధానిని వారు తఱచుగా వాలెట్టా అని పిలువనే పిలువరు, ‘ఇల్-బెల్ట్’ అందురు. అనగా ‘నగరము’ అని మాత్రమే. కట్టించినవాని పేరు పటములో నున్నది. కట్టినవారి మాట నోటిలో నున్నది.

ఇట్టి భాషకు వ్రాత చాల కాలమువఱకు అంతగా లేకపోయెను. మనకు తెలిసినంతలో అన్నిటికంటె ప్రాచీనమైన మాల్టీసు రచన 15వ శతాబ్దమున పీటర్ కషారో వ్రాసిన 20 పంక్తుల గీతము. ఎంతో కాలముగా కట్టుకొన్న యిల్లు పునాది కదలి కూలిపోగా కలిగిన దుఃఖము అందలి విషయము. 16వ శతాబ్దపు దస్తావేజుల పుస్తకమొకదానిలో ఎవరి కంటను పడక అది నాలుగు శతాబ్దములు ఉండిపోయెను. 1966లో ఇరువురు పరిశోధకులు దానిని కనుగొని, 1968లో ప్రకటించిరి.

1796లో నైట్లు వాలెట్టాలో గ్రంథాలయమునకై గొప్ప భవనమును పూర్తిచేసిరి. వారు కట్టించిన కడపటి పెద్ద కట్టడము అది. అదే సంవత్సరమున మికీల్ అంటోన్ వస్సల్లి అను మాల్టా పండితుడు తన మాతృభాషకు నిఘంటువును ప్రకటించెను. తన ప్రజలకు తమ భాషలోనే చదువు చెప్పవలెనని అందలి పీఠికలో వేడుకొనెను. అయితే ఆ వేడికోలును అతడు ఇటాలియనులో వ్రాయవలసి వచ్చెను. ఏలయన, చదువ నేర్చినవారు మాల్టీసును చదువరు. మాల్టీసు మాటలాడువారు చదువ నేర్వరు. రాజకీయ కారణములచే అతడు అనేక సంవత్సరములు పరదేశమున ప్రవాసముండెను. 1820లో తిరిగివచ్చి, 1825లో విశ్వవిద్యాలయమున మాల్టీసు భాషకు మొదటి ఆచార్యుడై, 1829లో మరణించెను.

అతని తరువాత నూఱేండ్లకు ఫలము కనబడెను. 1920లో రచయితలు సంఘముగా కూడి, 1924లో తమ భాషకు ఒక వర్ణమాలను, వ్రాత నియమములను ప్రకటించిరి. లాటిను లిపిలో కొన్ని అక్షరములపై చుక్కలు పెట్టి, కొన్నిటికి గీతలు తగిలించి, తమ ధ్వనులకు తగినట్లు దిద్దుకొనిరి. మొదట ఇటాలియనులో కవిత్వము వ్రాసిన దున్ కార్మ్ అను కవి, నలుబది యేండ్లు దాటిన పిదప మాతృభాషకు మరలెను. 1922లో పాఠశాల బాలుర కొఱకు ఆయన మాల్టీసులో వ్రాసియిచ్చిన ప్రార్థనాగీతమే నేడు ఆ దేశపు జాతీయగీతము. 1934లో మాల్టీసునకు అధికారభాష హోదా లభించి, న్యాయస్థానములలో ప్రవేశము కలిగెను. అంతకుముందు బోనులో నిలిచిన పేదవానికి తన శిక్ష ఏమో తన భాషలో వినబడెడిది కాదు. 2004 మే 1న మాల్టా ఐరోపా సమాఖ్యలో చేరగా మాల్టీసు ఆ సమాఖ్య అధికారభాషలలో ఒకటి ఆయెను. మన నడక మొదట చూచిన శాసనసభలో నేడు చర్చలు జరుగునది ఆ భాషలోనే.

మనము నేర్చుకొనవలసినది

ఈ సంవత్సరము బడి తెఱచిన దినములలో ఒక తండ్రి నాయొద్దకు వచ్చి, “అయ్యవారూ, ఈ తెలుగు మావానికి ఏ కొలువు తెచ్చిపెట్టును?” అని అడిగెను. ఆయన ప్రశ్న తప్పు కాదు. బిడ్డ మేలు కోరువాడే అట్లడుగును. నేను ఆనాడు తగిన సమాధానము చెప్పలేకపోతిని. ఈ పాఠము వ్రాయుచున్నప్పుడు కొంత తోచినది. నేడు ఐరోపా సమాఖ్య కార్యాలయములలో మాల్టీసు అనువాదకులకు ఉద్యోగములు కలవు. అయితే వస్సల్లి నిఘంటువు వ్రాసిననాడు అట్టి కొలువు ఒక్కటియు లేదు. కొలువునకై కాపాడినచో ఆ భాష అంతకాలము నిలిచియుండెడిదే కాదు.

మాల్టా బిడ్డలు మాల్టీసుతోపాటు ఆంగ్లమును బడిలోనే నేర్తురు. అది అచ్చట రెండవ అధికారభాష. ఒకటి నేర్చుటకై మఱియొకటి విడువవలెనను నియమము వారు పెట్టుకొనలేదు. మనకును తమిళము మనము నివసించు నేల భాష, అంగడిలోను కచ్చేరీలోను మనకు తోడైన భాష. దానిని చక్కగా నేర్చుట మన ధర్మము. ఆంగ్లమును నేర్వవలెను. ఆ రెండింటికిని తెలుగు అడ్డు కాదు.

మనకును వారికిని ఒక భేదము కలదు. మాల్టాలో మాల్టీసు పోయినచో దానికి వేఱొక దేశము లేదు. తెలుగునకో, సరిహద్దుకు ఆవల కోట్లమంది ఉన్నారు. కావున మనము విడిచినంతమాత్రమున తెలుగు నశింపదు. కాని మన యింటిలో మాత్రము నశించును. మన అవ్వలు చెప్పు సామెతలు, పొలము పనుల మాటలు, ఈ సీమకే చెందిన పలుకుబడులు ఆవలివారికి తెలియవు. వానిని మనము వ్రాసికొననిచో వ్రాయువారు వేఱెవ్వరును లేరు. కషారో గీతము వలె అవి నాలుగు వందల యేండ్లకు దొరకునను నమ్మకము లేదు. ఆ గీతమునకైనను ఒకడు కాగితముమీద పెట్టుటచేతనే దొరకు భాగ్యము కలిగినది.

అభ్యాసము

1. సెయింట్ జాన్ సంఘము మాల్టాకు ఎట్లు వచ్చినది? ఏమి కప్పము చెల్లించినది?
2. వాలెట్టా నగరమున ప్రతి యింటి క్రిందను నీటితొట్టి ఏల కట్టవలసి వచ్చెను?
3. రాజవీధి పేరు ఎన్నిమాఱులు మాఱినది? ప్రతి మార్పునకు కారణమేమి?
4. వస్సల్లి తన మాతృభాషను గూర్చిన పీఠికను ఇటాలియనులో ఏల వ్రాసెను? మీ మాటలలో ఐదు వాక్యములు వ్రాయుడు.
5. మీ యింటిలోని అవ్వనో తాతనో అడిగి, మన పాఠ్యపుస్తకములలో లేని పది తెలుగు మాటలను, వాని అర్థములతో వ్రాసికొని రండు. తల్లిదండ్రులు దగ్గఱ కూర్చుండి వ్రాయించుటకు ప్రార్థన. ఆ మాటలన్నియు చేర్చి వచ్చు సంచికలో ప్రకటింతుము.